నడిపించి చూడని రోగి

1946 జూన్‌లో నన్ను విజయనగరంలో ఒక చిన్న స్త్రీల ఆసుపత్రికి వేశారు. నాది ఎల్.ఎం.పి. చదువు, సబ్ అసిస్టెంట్ సర్జన్ హోదా. మామూలు కాన్పులు నా చేతి మీదే జరిగేవి. కడుపు కోసి బిడ్డను తీయాల్సి వస్తే మాత్రం విశాఖపట్నం పెద్దాసుపత్రికి పంపాల్సిందే.

ఆ ఆగస్టులో భోగాపురం వైపు నుంచి ఒక ఘోషా ఇంటి కోడలు వచ్చింది. పేరు రత్నాయమ్మ, మూడో కాన్పు, ఏడో నెల. ఘోషా ఆడవాళ్లు వచ్చే పద్ధతి వేరు. తెర కట్టిన బండిని గుమ్మానికి ఆనిస్తారు. చుట్టూ దుప్పట్లు పట్టుకుని మనిషిని ఎత్తుకొచ్చి దాసీలే బల్ల మీద పడుకోబెడతారు. అత్తగారూ ఆ దుప్పట్ల మాటునే వచ్చి, ముసుగు దించుకుని పక్కన కూర్చునేవారు. నడుం నొప్పి, తొడల నొప్పి అన్నారు. వాతమని రాసి సాలిసిలేట్ మందు ఇచ్చాను. మళ్లీ వస్తే మళ్లీ అదే సీసా నింపించి పంపాను.

తొమ్మిదో నెలలో మూడోసారి వచ్చింది. దాసీ పైడమ్మ ఆమె చీర సర్దుతూ అంది:

"ఏటో డాకటరమ్మా, పెళ్లినాటి సీరలన్నీ ఇప్పుడు నేల మీద ఈడుస్తన్నాయి. అమ్మగోరు పొట్టిగయిపోతన్నారు."

వాతానికి మనిషి పొట్టి కాదు. అత్తగారు వద్దంటున్నా తలుపులు వేయించి, రత్నాయమ్మను దించి నడవమన్నాను. అడుగడుక్కీ ఒళ్లంతా అటూ ఇటూ ఒరిగింది, బాతు నడక. లోపలి గది గడప దాటడానికి తొడను చేత్తో ఎత్తి పెట్టుకుంది.

అది ఆస్టియోమలేషియా, ఎముకలు మెత్తబడే జబ్బు. ఎండ తగలని ఒంటికి తిండిలోని సున్నం పట్టదు. ఉన్న కాస్తా కడుపులో బిడ్డ లాక్కుంటుంది. కాల్చని కుండలా మెత్తబడ్డ కటి ఎముకలు ఒంటి బరువుకు లోపలికి వంగి బిడ్డ దారి మూసేస్తాయి. కూర్చునే ఎముకల మధ్య నా పిడికిలి పట్టాలి. మూడు వేళ్లే పట్టాయి. నా తెలివి తెల్లారినట్టే ఉంది. రెండు నెలలు చేతిలో ఉంచుకుని వాతానికి మందు పోశాను!

బిడ్డ ఈ దారిన రాదనీ, వెంటనే విశాఖపట్నం తీసుకెళ్లాలనీ అత్తగారికి చెప్పాను. మొదటి ఇద్దరూ ఇంట్లోనే తేలిగ్గా పుట్టారనీ, రైలెక్కి పదిమందిలో పడే వాడుక తమ ఇంట లేదనీ ఆవిడ అన్నారు. పొద్దుటి నుంచే సన్నగా నొప్పులు వస్తున్నాయని అప్పుడు కోడలు నా చెయ్యి పట్టుకుని మెల్లిగా చెప్పింది. రైలుకు గంట టైముంది. భయంతో నాకు కోపం వచ్చేసింది. ఇంటికి తీసుకెళ్తే రెండు శవాలు లేస్తాయని మొహం మీదే అనేశాను.

ఆవిడ కోప్పడలేదు.

"ఆ నడక జబ్బా? కాన్పులయ్యాక ఆడదానికి అలాగే వస్తాది కాదా?" అని అడిగారు.

జబ్బేనన్నాను. ఆవిడ వెంటనే బండిని స్టేషన్‌కు తిప్పమన్నారు.

నేనూ వెంట వెళ్లాను. ఆడవాళ్ల పెట్టెలో రత్నాయమ్మ పక్కనే కూర్చుని, నొప్పికీ నొప్పికీ మధ్య నిమిషాలు లెక్కపెట్టాను. కొత్తవలస దాటేసరికి అయిదు నిమిషాలకు ఒకటి వస్తోంది. దీపాలు పెట్టేలోపే పెద్దాసుపత్రిలో ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. తల్లీ బతికింది. సొరచేప నూనె, సున్నం మందు రాసిచ్చి, పెరట్లో తడికలు కట్టించి రోజూ ఎండలో కూర్చోబెట్టమన్నాను. వంగిన కటి మళ్లీ తిన్నగా కాదు గానీ, నొప్పులు తగ్గి నడక కుదిరింది.

మూడు నెలలకు చూపించుకోవడానికి బండి వచ్చింది. దుప్పట్లు పట్టబోయిన దాసీలను తప్పుకోమని అత్తగారే ముందు దిగారు. గడప దగ్గర తొడను చేత్తో ఎత్తి పెట్టుకుని, అటూ ఇటూ ఒరుగుతూ నా బల్ల దాకా వచ్చారు.

"ఇరవయ్యేళ్లయినాది. నన్ను కూడా ఓపాలి సూడు, డాక్టరమ్మా," అన్నారు.

అంతకు ముందు మూడుసార్లు ఆవిడ నా గదిలోకి వచ్చారు. నేను చూడలేదు. ఆ తర్వాత సర్వీసు ఉన్నంతకాలం, రోగి గుమ్మం నుంచి బల్ల దాకా నడిచి రావడమే నా పరీక్షలో మొదటి భాగం. వెంట వచ్చినవాళ్ల నడక కూడా చూశాకే కుర్చీ వేయించాను.