షట్టరు కింద వంగిన మేనేజరు

మొన్న కొత్తపేట రైతుబజారులో సొరకాయ కొంటుంటే, బుట్ట పక్కనున్న చిన్న డబ్బా ఇరవై రూపాయలు అందాయని గట్టిగా అరిచింది. ఉలిక్కిపడ్డాను. డబ్బు ముట్టిందని చెప్పే ఆ పని ఒకప్పుడు నాది కదా అని నవ్వొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా దుకాణం దుకాణం తిరిగి, రోజుకు పదీ ఇరవై వసూలు చేసి వాళ్ల పేరునే బ్యాంకులో జమకట్టే పిగ్మీ ఏజెంటును నేను. నా జేబులో ఎంతుందో నాకు తెలియదు గానీ, ఎవరి గల్లాపెట్టె ఏ రోజు బోసిపోయిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. నల్లగొండ పల్లె నుంచి వచ్చినవాణ్ణి కనుక, ఊరేగింపు కనబడితే సంచీ చంకన పెట్టుకుని నాలుగడుగులు నడిచి, గొంతు పోయేలా నినాదాలిచ్చి, మళ్లీ వసూళ్లకు పోయేవాణ్ణి. నా ఖాతాదారుల్లో భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక చెల్లెమ్మ ఉండేది. భర్త లేడు; కోచింగ్ పిల్లలకు పప్పూ వేపుడూ సాంబారూ పొట్లాలు కట్టి అమ్మే కర్రీ పాయింటే ఆమెకు దిక్కు. బంద్‌ల మీద బంద్‌లొచ్చి హాస్టళ్లు సగం ఖాళీ అయ్యాయి, దాచుకున్నది కరిగిపోయింది, సరిగ్గా అప్పుడే కొట్టు యజమాని నెలాఖరులోగా అడ్వాన్సు పెంచకుంటే ఖాళీ చేయమన్నాడు. రోజురోజూ పిండి వసూలు చేసే గిరిగిరి వడ్డీ వాళ్లు కాచుకుని ఉన్నారు. వాళ్ల ముందు చెయ్యి చాస్తే ఇక కోలుకోవడమంటూ ఉండదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆమెకు లోను ఇవ్వమని మా బ్యాంకులో అడిగితే మేనేజరు కాగితాలడిగాడు. పాపం, ఆమెకు కాగితాలెక్కడివి? నాకు రోషమొచ్చి, గురువారం మధ్యాహ్నం వచ్చి ఆ కొట్టును కళ్లారా చూడండి సార్ అని పందెం కాసినట్టు అనేశాను. నా నోటి తొందర సంగతి మా ఆవిడనడగాలి. తీరా ఆ గురువారమే బంద్ పిలుపొచ్చింది. మేనేజరేమో మాటంటే మాటే అనే మొండిమనిషి, టంచనుగా నడిచొచ్చాడు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే బస్సుల్లేని ఆ వెడల్పాటి రోడ్డు, దాని మీద తీరిగ్గా పరుచుకున్న ఎండ, ఎక్కడినుంచో తేలి వచ్చే ఇంగువ పోపు వాసన కలలో లాగా కదులుతాయి. కొట్టు దగ్గరకెళ్తే షట్టరు ముప్పావు దాకా దించి ఉంది. అయ్యో, చేజేతులా చెల్లెమ్మ బతుకు పాడుచేశానే అనుకున్నాను.

ఆయన వెనక్కి తిరగబోతుండగా షట్టరు కింద నుంచి ఒక చెయ్యి పొట్లం అందించింది. వంగి అందుకున్నవాళ్లెవరనుకున్నారు? చౌరస్తాలో దీక్షా శిబిరం కుర్రాళ్లు, పొద్దున్నుంచి బజారంతా మూయిస్తున్నవాళ్లే! వాళ్లలో ఒకడు మా సారును చూసి, "దుకాణం బందే సార్! కూర కావాల్నంటె మాత్రం జర గిట్ల వంగున్రి," అన్నాడు. లోపలినుంచి చెల్లెమ్మ, దొండకాయ అయిపోయింది తమ్ముడూ, పప్పు వేస్తానుండు అంటోంది. మా సారు ప్యాంటు పైకి లాక్కుని, వంగి లోపలికి దూరాడు. అమ్ముడుపోయి అడుగంటిన గిన్నెలు చూశాడు, మిగిలిన పప్పు రుచి చూశాడు. నెలాఖరు రాకముందే లోను చేతికొచ్చింది.

ఇప్పుడు ఆ చెల్లెమ్మ కూడా ఫోనులోనే డబ్బు పుచ్చుకుంటోంది. ఎవరి గడపా తొక్కకుండానే ఆ ఫోనే రెండుసార్లు అప్పు ఇప్పించింది. నాలాంటివాడి సిఫారసు అక్కర్లేకపోవడం ఆమెకు మంచిదే, కాదనను. కానీ ఈమధ్య ఆపరేషనై రెండు నెలలు కొట్టు మూసింది. మళ్లీ తెరవడానికి సరుకుల కోసం అప్పు అడిగితే ఫోను వీల్లేదంది, ఎందుకో చెప్పలేదు. నిన్న నాకు ఫోన్ చేసి, నవ్వుతూనే, "అన్నయ్యగారూ, మీరొక మాట చెప్పకూడదూ?" అంది. అలవాటు కొద్దీ, అలాగేనమ్మా అనేశాను. ఆమె గురించి చెప్పడానికి నా దగ్గర బోలెడంత ఉంది, ఎవరి దగ్గరికెళ్లి చెప్పాలో తెలియడం లేదు.