మాస్టారు మోగలేదన్న మెట్లు

మా హార్మోనియం మాస్టారు పోయారని ఆయన కోడలు ఫోన్ చేసేసరికి, ఆయన నొక్కిన పియానో మెట్లనే హెడ్‌ఫోన్లలో వింటున్నాను. తీసి కబురు విన్నాను. మళ్ళీ పెట్టుకున్నాను, మళ్ళీ తీశాను. విశాఖలో టెక్కలి బస్సెక్కేదాకా ఒకచోట నిలవలేకపోయాను. ఇది రాస్తూ కూడా కుర్చీలోంచి లేస్తూనే ఉన్నాను.

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి కూతురి ముచ్చట కోసం కలకత్తా నుంచి పెద్ద పియానో తెప్పించాడు. అమ్మాయికి మోజు తీరింది, పియానో మిగిలింది. దాని ఒక్కో మెట్టునీ మెత్తగా, గట్టిగా, విడివిడిగా నొక్కి రికార్డు చేస్తే, ఎక్కడున్నవాళ్ళయినా కంప్యూటర్‌లో ఆ పియానో వాయించుకోవచ్చు. అలాంటి సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు తయారుచేయడం నా పని. యంత్రం దగ్గర నేనుండాలి, మెట్ల మీద నమ్మకమైన వేలుండాలి. చిన్నప్పుడు నాకు సరిగమలు నేర్పిన మాస్టారినే అడిగాను.

"అంటే జీడిపప్పులో గుండ్లొక పక్క, బద్దలొక పక్క ఏరినట్టన్నమాట. పదరా" అన్నారు.

కుదురన్నది ఆయన జాతకంలోనే లేదు. పాఠం మధ్యలో లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళొచ్చేవారు. టీ నిలబడే తాగేవారు. "సెయ్యి తొందరపడితే దిద్దొచ్చురా, సెవి తొందరపడితే దిద్దలేం" అనేవారు. ఇవాళ నాకు తిండి పెడుతున్న ఈ చెవి ఆయన పెట్టిన భిక్షే. అలాంటి మనిషిని మెట్టు నొక్కి, శబ్దం పూర్తిగా ఆరేదాకా కదలకుండా కూర్చోమన్నాను. ఫ్యాను ఆపాం, కిటికీలు మూశాం. అయినా ఇటు ఆటో, అటు రైలు. అవి పోయేదాకా ఆగడం, మళ్ళీ నొక్కడం. మధ్యాహ్నానికి చెమటతో తడిసి, ఒకరి మీద ఒకరం విసుక్కుంటున్నాం.

కుడివైపు చివరి మెట్లకు వచ్చేసరికి ఆయన లేచిపోయారు.

"ఇయ్యి మోగట్లేదురా. సముద్రగాలికి తీగలు పోయినట్టున్నాయి."

నాకు గాజుగ్లాసుకి చెంచా తగిలినట్టు స్పష్టంగా వినిపిస్తున్నాయి. "మోగుతున్నాయి మాస్టారూ."

"నేదంటే ఇనవేటి? నాకు సెవుల్లేవా?"

రికార్డయినదాన్ని బాగా పెంచి, హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టాను. విన్నారు. ఆ మనిషి తనంతట తాను కదలకుండా కూర్చోవడం అప్పుడే చూశాను. కాసేపటికి నా చెయ్యి పట్టుకున్నారు.

"బజనోలకి సెప్పకురా. తెలిత్తే మరి పిలవరు. పెట్టి ముందు కూకోకపోతే నాను బతకలేన్రా."

పెట్టి అంటే మా వైపు హార్మోనియమే. అక్కుపల్లి భజన బృందానికి ఆయనే వాయించేవారు. డాక్టరుకి చూపిద్దామంటే, చెవికి మిషను పెట్టుకుంటే ఊరంతా చూస్తుందన్నారు. మిగిలిన మెట్లన్నీ సైగ కోసం నా చెయ్యి కేసి చూస్తూ, వినబడకుండానే నొక్కారు. వత్తిడిలో ఎక్కడా తేడా రాలేదు.

ఆ తర్వాత నాకు మనశ్శాంతి లేదు. ఆయన అక్కుపల్లి భజనకి వెళ్ళారని తెలిసినప్పుడల్లా, ఇవాళ బయటపడిపోతుందేమో, ఎవరైనా నవ్వుతారేమో అని ఇంట్లో అటూ ఇటూ తిరిగేవాణ్ణి. చెప్తే ఆయన బతుకు పోతుంది, చెప్పకపోతే పరువు పోతుంది. ఎటూ తేల్చుకోలేక ఊరుకున్నాను.

పెద్దకర్మ రోజున అక్కుపల్లి భజన బృందం వచ్చింది. వాళ్ళ పెద్దాయన పక్కన కూర్చున్నాను. నేనేమీ అడగలేదు, ఆయనే అన్నాడు.

"మాస్టారికి ఇనికిడి తగ్గి సానా కాలమైంది బాబూ. నీకెరికేనా?"

తలూపాను.

"మాకు ముందునుంచీ ఎరికే. పాట ఎటెళ్తే పెట్టి అటెళ్లాల. ఆయనకి పాట సరిగా ఇనబడదు గదా, మరేటి సేత్తాం? పెట్టి ఎటెళ్తే మేమే అటెళ్లీవోలం. గొంతులు పెద్దవి సేసి, ఆయన్ని ఆనుకుని కూకునీవోలం. మాకు తెల్సని తెలిత్తే ఆయన మానేత్తాడని ఎవులమూ నోరిప్పలేదు."

అందరి ముందూ ఏడ్చేశాను.

భజన మొదలైంది. ఆయన చాప ముందు పెట్టిన హార్మోనియం ఎవరూ ముట్టుకోలేదు. పందిరి కింద బోలెడు చోటున్నా వాళ్ళంతా ఒక పక్కకే చేరి, ఖాళీగా ఉన్న ఆయన చాపని ఆనుకుని కూర్చున్నారు. అటే తిరిగి, మెడనరాలు ఉబ్బేలా గొంతెత్తి పాడుతున్నారు.