వంకరగా కుట్టాల్సిన బొంత

మా ఇంట్లో బిడ్డలు నిలిచేవాళ్లు కాదు. నేనొక్కదాన్నే నిలిచాను. అది కూడా ఆడపిల్లనని చావు నన్ను లెక్కచేయలేదని మా జేజి అనేది. జేజి అంటే మా నాయనకు తల్లి. ఆమె నోటికి ఊళ్లో సగం మంది జడిసేవాళ్లు, మిగిలిన సగం మంది ఆమెకు బంధువులు. నా తర్వాత పుట్టిన ముగ్గురు మగపిల్లలూ నడక రాకముందే పోయారు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో మా అమ్మకు మళ్లీ నెల తప్పింది. ఈ బిడ్డనైనా దక్కించుకోవాలని జేజి బొంత కుట్టించడానికి పూనుకుంది.

బిడ్డలు నిలవని ఇంట్లో, పుట్టబోయే బిడ్డకు అడుక్కొచ్చిన గుడ్డలతో బొంత కుట్టడం మా వాళ్ల ఆచారం. పిల్లలు చల్లగా ఉన్న ఇళ్లకు తల్లే పోయి, కొంగు పట్టి పీలికలు అడగాలి. వీధిలోని ఆడవాళ్లు పీలికలు కలిపి తలా ఒక చదరపు గడి కుట్టాలి. నడిమి పెద్ద గడి మాత్రం తల్లి కుట్టాలి. ఆ బొంతలో పడుకున్న బిడ్డను చూసి, వీడెవడో దిక్కులేనివాడు, వీడికోసం ఏడ్చేవాళ్లు కూడా లేరు అనుకుని చావు పక్కింటికి పోతుందట. మరి పక్కింటి వాళ్ల సంగతేమిటని నేనడిగితే జేజి నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.

మా ఊరి నుంచి బేతంచెర్లకు నడిచి పోవచ్చు. మా నాయన అటువైపు గనిలో నాపరాళ్లు లేపే కూలి. అప్పట్లో యుద్ధం వల్ల సర్కారు బట్టల మీద కంట్రోలు పెట్టింది, కొత్త గుడ్డ దొరికేది కాదు. పాతబట్టలు అడుక్కుందామంటే ఊరందరి ఒంటి మీద ఉన్నవి పాతబట్టలే. మా అమ్మ వెంట నేనూ ఇల్లిల్లూ తిరిగాను. ఒకామె పొయ్యి దగ్గర మసిగుడ్డ ఉతికి ఇచ్చింది. ఐదుగురు బిడ్డల తల్లి అయిన దూదేకులామె, ఇల్లంతా వెతికి ఏమీ దొరకక, కట్టుకున్న కోక చెరగు పర్రున చింపి మా అమ్మ కొంగులో వేసింది. "ఏమనుకోవద్దు మే, ఇంతకంటే లేదు" అంది. మా అమ్మ ఏడ్చింది. నాకు మాత్రం సిగ్గుతో ఒళ్లు మండిపోయింది. పుట్టని వాడికోసం నేను బిచ్చమెత్తాలా అనుకున్నాను.

ఎండాకాలం, పొలాల్లో పని లేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడవాళ్లంతా మా అరుగు మీదికి చేరేవాళ్లు. అందరూ ఒకే తీరున, జేజి చెప్పిన మేరకు కుట్టాలి. "ఈ పొద్దు ఎవురి గడికి వాళ్లు నడిమి ముక్క. రేపు దాని సుట్టూ మొదటి చుట్టు. ఎవురూ ముందుకు పోవద్దు, ఎవురూ ఎనకబడొద్దు" అనేది. ఒక్కో చుట్టూ పేరుకుంటూ గడి పెరుగుతుంటే అందరూ పక్కవాళ్ల ఒడిలోకి తొంగిచూసేవాళ్లు. పాత కోకల అంచుల్లోంచి దారాలు లాగి ఇవ్వడం నా పని.

అన్నిటికంటే పెద్ద షరతు ఇంకొకటి ఉంది.

"సక్కగా కుట్టొద్దండి మే. వంకరటింకరగా ఉండల్ల. తల్లి లేని బిడ్డకు ఎవురో ఇసుక్కుంటా కుట్టినట్లు ఉండల్ల" అంది జేజి.

తక్కినవాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. వాళ్లలో కొందరికి అంతకంటే బాగా కుట్టడం రాదు కూడా. మా అమ్మకే వచ్చింది కష్టం. ఆమెకు వంకర పని చేతకాదు. వంకర మాటా చేతకాదు, అందుకే జేజి దగ్గర ఎప్పుడూ నెగ్గలేదు. ఎడమ చేత్తో కుట్టి చూసింది. పక్కకు చూస్తూ కుట్టింది. ఏం చేసినా కుట్టు చీమల బారులా నేరుగానే పోయేది. దూదేకులామె ఇచ్చిన ఎర్ర చెరగును మూడు మూలల ముక్కలుగా కత్తిరించి, చుట్టూ నీలం ముక్కలు, వాటి చుట్టూ తెల్లవి పేర్చింది. రెండు మూరల గడి పూర్తయి అరుగు మీద పరిచేసరికి, వాకిట్లో రంగుల ముగ్గు వేసినట్టుంది. ఆడవాళ్లు సూదులు పక్కన పెట్టి తొంగిచూశారు. జేజి ముఖం మాడిపోయింది.

"ఇదేంది మే? నేనేం చెప్తి, నువ్వేం చేస్తివి?"

"చేతికి రాలేదత్తా. బిడ్డను తలుచుకుంటాంటే సూది దానంతట అదే నేరుగా పోతాండాది."

విప్పమంది జేజి. విప్పితే ఆ నలిగిన గుడ్డలు మళ్లీ కుట్టుకు ఆగవని అందరూ నచ్చజెప్పారు. చివరికి జేజి పొయ్యిలోంచి మసి తెచ్చి అందం చెడేలా ఆ గడి మీద ఒక మూల పూసి, అన్ని గడులూ కలిపి బొంత చేయించింది.

తమ్ముడు పుట్టాడు. పేరు పెట్టలేదు. పెంటదిబ్బ మీద దొరికాడని చెప్పుకున్నాం. నేను వాడిని ఎత్తుకోకూడదనే అనుకున్నాను. కానీ వాడు నా వేలు పట్టుకుంటే వదిలేవాడు కాదు. వాడు నాకు ప్రాణమైపోయాడు. ఆ బొంత మీదే బోర్లాపడటం నేర్చుకున్నాడు, ఎర్ర ముక్క మీద చెయ్యి కొట్టి నవ్వేవాడు. తర్వాత వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నాయన గని నుంచి పరిగెత్తుకొచ్చి, ఎక్కడికో పోయి సీసాలో మందు తెచ్చాడు. ఆ మందు వాడి నోట్లోంచి పక్కకు కారిపోయింది.

వాగు పక్కన పూడ్చారు. చనిపోయిన బిడ్డ గుడ్డలు ఇంటికి తేకూడదు కాబట్టి బొంతను అక్కడే ముళ్లకంప మీద వేసి వచ్చారు. మరునాటికి అది అక్కడ లేదు.

"అంత సింగారంగా కుడితే ఎవురి కంట్లో పడకుండా ఉంటాది?" అని జేజి ఏడుస్తూనే అంది. ఆ మాట నాకు పుండు మీద కారం రాసినట్టయింది. ఆమె చేతికర్ర లాక్కుని వాకిట్లోకి విసిరేశాను. మా అమ్మ పోయి ఆ కర్ర తెచ్చి జేజి చేతికి ఇచ్చింది. "అత్త అన్న్యాది నిజమే. తప్పు నాదే" అంది. అప్పటి నుంచి ఎవరు పలకరించినా అదే మాట. సూది ముట్టుకోలేదు. ఆ తప్పునే ఒడిలో పెట్టుకుని తిరిగేది.

రెండేళ్లకు జేజి పోయింది. ఆ మరుసటి ఏడాది మా అమ్మమ్మకు బాగాలేదంటే అమ్మా నేనూ రైలుకని బేతంచెర్ల పోయాము. స్టేషన్లో చెట్టు కింద ఒక బిచ్చగత్తె రొట్టె తుంచి పిల్లవాడికి పెడుతోంది. వాడి కింద మా బొంత ఉంది. రంగు వెలిసింది గానీ ఆ ఎర్ర ముక్కలు నేను గుర్తుపట్టాను. మా అమ్మ అప్పటికే అక్కడికి పోయి నిలబడింది.

"ఇది యాడిది మే నీకు?"

ఆమె భయపడి బిడ్డను దగ్గరికి లాక్కుంది. "వాగు కాడ కంపమీద ఉన్న్యాది తల్లీ. దొంగతనం చేయలా."

"నేనేమీ అనను. ఈ బిడ్డ ఎప్పట్నుంచి పండుకుంటాండాడు దీంట్లో?"

"పుట్టినప్పట్నుంచి."

"కుట్టు ఏమన్నా విప్పినావా? మార్చినావా?"

"లేదు తల్లీ. ఇంత సక్కగా ఉంటే యాల విప్పుతా?"

మా అమ్మ వంగి, ఆ కుట్టు మీద చివరిదాకా వేలు నడిపింది. పిల్లవాడు రొట్టె నములుతూ ఆమెను చూశాడు. బొద్దుగా ఉన్నాడు, ముక్కు కారుతోంది. నాకు వాడిని చూస్తే కోపం వచ్చింది. వాడు చేసిందేమీ లేదు, బతికి ఉన్నాడు, అంతే.

రైలెక్కి కూర్చున్నాక అమ్మ నా వైపు తిరిగింది.

"కుట్టు వల్ల కాదు పాపా. అయితే మనోడు యాల పోయె?"

ఆమె కళ్లలో నీళ్లు లేవు. ఇన్నాళ్లూ పట్టుకుని ఏడవడానికి ఆమెకు ఒక తప్పయినా ఉండేది. మా జేజి బతికి ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది. ఆమె అయితే ఏదో ఒక తప్పు వెతికి మా అమ్మ చేతిలో పెట్టేది.