ఈలకు జవాబివ్వనందుకు మైనస్ పది

శుక్రవారం ఉదయం ఏడున్నరకు ధామన్కర్ నాకా ఆటో స్టాండు దగ్గర ఉన్నవి ఇవి: మనుషులు ముగ్గురు, వీపు సంచులు మూడు, అద్దెకు తెచ్చిన గుడారం ఒకటి, టార్చిలైట్లు రెండు, మూడు లీటర్ల నీళ్లు, అత్త కట్టిచ్చిన జొన్నరొట్టెలు పన్నెండు, ఎల్లిపాయ కారం ఒక డబ్బా. మనుషుల్లో ఒకణ్ణి నేను. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి మోటార్ల బోర్డులు బాగుచేస్తాను. రెండో మనిషి మా మేనమామ రాజేశం. శాంతి నగర్‌లో ఒక సేటు షెడ్డులో సాంచెలు, అంటే పవర్‌లూమ్ మగ్గాలు, నడుపుతాడు. మూడో మనిషి ఆయన కూతురు సంధ్య, కాలేజీ రెండో ఏడు.

ఈ ప్రయాణానికి కారణం ఒక మొబైల్ ఆట. నేనూ సంధ్యా ఏడాదిగా ఆడుతున్నాం. అడవిలో దింపేస్తారు; కట్టెలు ఏరుకోవాలి, నీళ్లు కాచుకోవాలి, చలికి చావకుండా తెల్లవార్చాలి. ఆ ఆట ఆడేవాళ్ల గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది: మాల్షేజ్ ఘాట్ వైపు రెండు రోజుల క్యాంపు, ఇక్కడ అడవి నిజం, మనిషికి పద్దెనిమిది వందలు. తండ్రి తోడు వెళ్తేనే సంధ్యను పంపుతానంది అత్త. శుక్రవారం ఎలాగూ సాంచెలకు సెలవు. శనివారం షిఫ్టు మామ ఇంకొకరికి అప్పగించాడు.

షేర్ ఆటోలో ఎనిమిదీ ఇరవైకి కల్యాణ్ బస్టాండు చేరాం. ఎనిమిదీ యాభైకి బస్సు దొరికింది. కిటికీ పక్క సీట్లు కావాలంటే పావుగంట ముందే ఎక్కాలి.

"అల్లుడా, రాత్రికి ఏం పెడ్తరు ఆడ?" అని అడిగాడు మామ. సగం బస్సు మావైపు తిరిగింది.

"మెల్లగా మామా."

"ఏంది?" అన్నాడు ఇంకా గట్టిగా.

సిగ్గుపడి బయటికి చూశాను. మురబాడ్‌లో ఖాళీ కూరగాయల బుట్టతో ఎక్కిన ఒకావిడ, ఎక్కడికని సంధ్యను మరాఠీలో అడిగింది. సంధ్య చెప్పింది.

"అడవిలో పడుకోవడానికి పైసలిచ్చారా? మేం పుట్టినప్పటి నుంచీ పడుకుంటున్నాం, మాకెవరూ ఇవ్వలేదే" అని నవ్వి, మా రొట్టె ఒకటి తీసుకుని దిగిపోయింది.

పదకొండు గంటలకు ఘాట్ కింద దిగాం. అక్కడి నుంచి జీపు, ఆ పైన నలభై నిమిషాల నడక. కొండమీది మైదానంలో క్యాంపు కనిపించింది. నిజమైన అడవి అన్నచోట ఆకుపచ్చ ప్లాస్టిక్ తివాచీ పరిచి ఉంది. జనరేటర్ ఒకటి, స్పీకర్లు రెండు, మాలాంటివాళ్లు ఎనిమిదిమంది. మిలిటరీ రంగు ప్యాంటు వేసుకున్న లీడర్‌కు పాతికేళ్లు ఉంటాయి. ఫారం ఇచ్చాడు. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, ఎత్తంటే భయం, శాకాహారమా మాంసాహారమా అని గడులు. మామ ఫారం నేనే నింపాను, జబ్బుల గడులన్నింట్లోనూ 'లేదు' అని. చెవుల గడి లేదు. ఉన్నా 'లేదు' అనే రాసేవాణ్ణి, అది ఇప్పుడు నన్ను కాలుస్తోంది.

నాలుగున్నరకు కట్టెలు తెచ్చే పోటీ. ఒక్కొక్కరికీ ఒక ఈల ఇచ్చాడు లీడర్. మూడుసార్లు ఊదితే అందరూ ఎక్కడివాళ్లక్కడ జవాబు ఊది వెనక్కి రావాలి. ఉత్తరం వైపు రెండు వందల అడుగులు దాటితే లోయ, అటు పోవద్దన్నాడు. కంచె లేదు, తాడు లేదు, ఎర్రగుడ్డ కూడా లేదు. ప్లాస్టిక్ తివాచీకి మాత్రం ఖర్చు పెట్టారు.

ఆటలో చెట్టు మీద వేలు పెడితే కట్టె సంచిలో పడుతుంది. ఇక్కడ ముందురోజు వానకు ప్రతి పుల్లా తడిసి ఉంది. "గీ కట్టె అంటుకుంటదారా? బండల కింద చూడాలె" అంటూ మామ ఒక్కడే వెళ్లాడు.

ఐదుంబావుకు పొగమంచు దిగింది. ముప్పై అడుగుల అవతల మనిషి కనిపించడం లేదు. లీడర్ మూడుసార్లు ఊదాడు. జవాబులు వచ్చాయి, మనుషులు వచ్చారు. లెక్కపెట్టాను: మాతో కలిపి పదిమంది. మామ లేడు.

మళ్లీ ఊదాడు. అందరం ఊదాం. ఇరవై నిమిషాలు ఊదాం. ఆటలో తోటివాడు తప్పిపోతే మ్యాపు మీద చుక్క వెలుగుతుంది. నాకు ఉత్తరం వైపు తెల్లటి పొగ తప్ప ఏదీ కనిపించలేదు.

"ఆయన ఎందుకు ఊదడం లేదు? రూలు చెప్పాను కదా" అన్నాడు లీడర్ హిందీలో, చిరాగ్గా.

సంధ్య నా చేయి పట్టుకుంది. "ఊదుడు బంద్ చేయున్రి బావా. బాపుకు ఈల ఇనపడది. ఇంట్ల కుక్కర్ కూతలు పెట్టినా బాపుకు తెల్వది. నీకు తెల్వదా?"

తెలియదు. సాంచెల మనుషులు గట్టిగా మాట్లాడతారు అనుకున్నాను, అంతే.

ఆమె టార్చి తీసి, ఎత్తుగా ఉన్న బండ ఎక్కి, రెండుసార్లు వెలిగించి ఆర్పింది. ఆగి, మళ్లీ రెండుసార్లు. షెడ్డులో సాంచెలు నడుస్తుంటే పిలుపు వినపడదు. గేటు దగ్గరికి ఎవరైనా వస్తే తలుపు పక్కనున్న స్విచ్ అలా రెండుసార్లు కొడతారు. బల్బు ఆరి వెలిగితే పనివాళ్లు తలెత్తి చూస్తారు. మామకు టిఫిన్ తీసుకెళ్లే సంధ్య ఆ స్విచ్ ఎన్నిసార్లు కొట్టిందో.

ఐదూ యాభైకి పొగలోంచి మామ వచ్చాడు, భుజాన ఎండుకట్టెల మోపుతో. లోయ వైపు నుంచే వచ్చాడు.

"ఎవలచ్చిన్రు బిడ్డా?" అన్నాడు. "బల్బు కొట్టిన్రు గద."

సంధ్య బండ దిగి వచ్చింది. ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు.

ఆ రోజు అంటుకున్నవి మామ తెచ్చిన కట్టెలే. ఆ మంట ముందు కూర్చుని లీడర్ మార్కులు చదివాడు. రాజేశం: కట్టెలకు ప్లస్ పది, ఈలకు జవాబివ్వనందుకు మైనస్ పది. కొందరు చప్పట్లు కొట్టారు.

"ఆ మైనస్ తీసెయ్యి" అన్నాను.

"సర్, రూలు అందరికీ ఒకటే."

"లోయకు తాడు కట్టనందుకు నీకెంత మైనస్?"

స్పీకర్ పాట పెంచాడు. మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. "పోనియ్యి అల్లుడా. సేటు పగార్ల కోసేదానికన్నా తక్కువనే గద."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. సాంచెలో పేక దారం తెగితే సాంచె దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంది. దాన్ని నడిపే మనిషి చెవి పోతుంటే ఆపే ఏర్పాటు ఏదీ లేదు. దారానికి ఉన్న విలువ అది. మోటార్ల కోసం ఆ షెడ్డులోకి వందసార్లు వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ చెవుల్లో దూది పెట్టుకున్నాను, నా చెవుల్లో మాత్రమే.

ఇలాంటి క్యాంపులకు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇంతే: గుడారం సంగతి తర్వాత, ముందు లోయ అంచు ఎక్కడుందో, దానికి ఏం కట్టారో అడగండి.

శనివారం పదీ నలభైకి ఘాట్ కింద బస్టాపులో కూర్చున్నాం. బస్సు రావడానికి యాభై నిమిషాలు ఉంది. రోడ్డు నిశ్శబ్దంగా ఉంది. ఫోన్లో మోతలు పుట్టించే యాప్ తెరిచి, ఇయర్‌ఫోన్లు మామకు పెట్టి, వినపడితే చెయ్యెత్తమన్నాను. ఐదు వందల హెర్ట్జ్‌కు ఎత్తాడు. వెయ్యికి ఎత్తాడు. రెండు వేలకు, సౌండు నిండుగా పెడితే, ఎత్తాడు. మూడు వేలకు ఎత్తలేదు. నాలుగు వేలకూ ఎత్తలేదు.

"నీ ఫోన్ ఖరాబైంది సూడు" అన్నాడు.

సంధ్య ఒక ఇయర్‌ఫోన్ తీసి తన చెవికి పెట్టుకుంది. వెంటనే తీసేసింది. "మోగుతుంది బాపూ" అంది, ఆయనకు కనపడేలా ముఖం తిప్పి, పెదాలు మెల్లగా కదుపుతూ.

లీడర్ ఇచ్చిన ఈలను అదే ఫోనుతో కొలిచాను. మూడు వేల రెండు వందల హెర్ట్జ్. మామ సాంచెల మీద ఇరవై ఏడేళ్లుగా ఉన్నాడు. వయసు నలభై రెండు.