చివరి లాంచీకి ఇంకా టైముందండి

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాళ్ళ మొహం మీదే నవ్వేసే మనిషిని నేను. ప్రొద్దుటూరులో మా పక్కిల్లు చాలాకాలం ఖాళీగా పడి ఉండేది. అందులో ఏదో తిరుగుతోందని వీధి వీధంతా చెప్పుకునేవాళ్ళు. నేను డిగ్రీ పరీక్షలకి అందులోనే చాప వేసుకుని చదువుకున్నాను, ప్రశాంతంగా ఉండేది. ఇది రాస్తున్నది ఎవరినో నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. నమ్మకపోతే నాకు పోయేదేమీ లేదు.

తొంభైల చివర్లో మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేసేదాన్ని. అప్పటికి అక్కడ చుట్టూ రాళ్ళగుట్టలు, మధ్యలో కొత్తగా లేచిన పెద్ద టవర్, దాని వెనక అద్దె బిల్డింగులో మా ఆఫీసు. నా వెనక సీటు కృపది. ఇద్దరం కుర్చీలు తిప్పితే మోకాళ్ళు తగిలేవి.

కృప చీరాల అమ్మాయి. వాళ్ళ నాన్న చర్చి స్కూల్లో టీచరు. టిఫిన్ బాక్సు మూత తీశాక కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది, ఆలోపు నేను ఆమె కూర సగం లాగేసేదాన్ని. ఎవరినీ ఒక్క మాట అనేది కాదు. ఆఖరికి ఆటోవాడితో కూడా "కొంచెం ముందుకి ఆపుతారా అండీ" అనేది. నిజాంపేటలో ఒక గది కిరాయికి తీసుకుని ఇద్దరం ఉండేవాళ్ళం.

మా ఇంటివాళ్ళ హాల్లో గోడంతా పరుచుకున్న సీనరీ పోస్టరు ఉండేది. నీలం రంగు చెరువు, వెనక మంచు కొండలు, ఒడ్డున చెక్క ఇల్లు. ఆ రోజుల్లో అలాంటిది లేని హాలు లేదు, అలాంటిది లేని పళ్ళ డాక్టరు లేడు. అది ఏ దేశంలోదో ఎవరూ అడిగేవారు కాదు. కృప అడిగింది. మా క్లయింటు స్విట్జర్లాండ్‌లో ఒక సరుకు రవాణా కంపెనీ. వాళ్ళ మనిషి హైదరాబాద్ వచ్చినప్పుడు ఆ పోస్టరు ఫోటో తీసి చూపించింది. ఆయన నవ్వి, ఇది మా ఆఫీసు నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయగల దూరమే అన్నాడు.

ఇక అప్పటినుంచి మాకు రోజూ భోజనంలో నంజుకోవడానికి అదే. ప్రాజెక్టు అయ్యాక ప్రోగ్రాం అప్పగించడానికి కృపనే అక్కడికి పంపుతామని మాట ఇచ్చారు. అక్కడ దొరికే ఒక్క ఆదివారానికి ఆమె ప్లానంతా నోటికి చెప్పేది. హోటల్ దగ్గర రైలెక్కాలి, చిన్న స్టేషన్లో దిగి బుజ్జి రైలు మారాలి, రేవులో లాంచీ ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళాలి. ఆ ఒడ్డుకి రోడ్డు లేదు, అందుకే అక్కడ జనం ఉండరు. పులిహోర తీసుకెళ్ళాలి, పెరుగన్నం వద్దు, గడ్డకడుతుంది. సాయంత్రం చివరి లాంచీ మాత్రం తప్పిపోకూడదు. టీమ్‌లో అందరికీ ఆ ప్లాను కంఠతా వచ్చేసింది. నేనైతే నిద్రలో లేపినా చెప్పేదాన్ని.

మా టీమ్ లీడ్ పేరు మురళీధర్. ఆ రోజుల్లో ఆ పేరు వింటేనే నాకు ఒళ్ళు మండేది.

కృప రాసిన ప్రోగ్రాం గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆ దేశాల్లో మార్చి చివరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలన్నీ ఒక గంట ముందుకి జరుపుతారు. అక్టోబరులో మళ్ళీ వెనక్కి తెస్తారు. ఆ మాయమైన గంటలో లారీల లెక్కలు తప్పిపోకుండా చూడటమే కృప ప్రోగ్రాం పని. మాకెవరికీ ముందు అర్థం కాలేదు, మురళీధర్ అయితే అర్థం చేసుకోవాలని కూడా చూడలేదు. ఆమె నెలల తరబడి దాని మీదే కూర్చుంది.

ప్రోగ్రాం అప్పగించే రోజు దగ్గరపడ్డాక ఆమెకి జ్వరం పట్టుకుంది. కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లని నేను చూడగానే చెప్పాను. సెలవు అడగడానికి వెళ్తే మురళీధర్ అన్న మాట నేను పక్కనే ఉండి విన్నాను.

"ఇప్పుడు సెలవు పెడితే ఆన్‌సైట్‌కి ఇంకొకరిని పంపాల్సి వస్తుంది కృపా. మరి ఆ చెరువు చూడొద్దా మీరు?"

నవ్వుతూ అన్నాడు. ఆ పిల్ల ఆశని ఎరగా వేశాడు. ఆమె వెనక్కి వచ్చి కూర్చుంది. నేను చేతులు పట్టుకుని లాగినా లేవలేదు. "ఇంకొక్క వారమేగా, అయిపోతుంది" అంది. ఆ వారం పూర్తి కాకుండానే సీట్లోనే పడిపోయింది. లివర్ పూర్తిగా చెడిపోయిందని డాక్టర్లు చెప్పారు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు పడి ఉండగానే కృప పోయింది.

చీరాల సమాధుల తోటలో నా చేత్తో మన్ను వేశాను. ఇది ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగింది విని ఆ అమ్మాయి ఎక్కడో బతికే ఉందేమో అన్న మహానుభావులు కొందరున్నారు.

మురళీధర్ ఆమె బదులు తనే ప్రయాణమయ్యాడు. ప్రోగ్రాం మొత్తం తనే రాశానని క్లయింటుకి చెప్పుకున్నాడు. బయల్దేరే ముందు నా సీటు దగ్గరికి వచ్చి, "ఆదివారం ఖాళీగా ఉంటాను. ఆ చెరువుకి రైలు ఎక్కడ మారాలని చెప్పేది ఆవిడ?" అని అడిగాడు. చెప్పకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. పళ్ళు కొరుక్కుంటూ మొత్తం చెప్పాను. ఒక్క అక్షరం తప్పు చెప్పలేదు. ఆ ఆదివారం మార్చిలో చివరి ఆదివారం. గడియారం సంగతి మాత్రం ఎత్తలేదు. ఎందుకు ఎత్తాలి? ఆ గంట మీదే కదా ఆయనగారు అంత గొప్ప ప్రోగ్రాం రాసింది.

అతను ఆ నీళ్ళలోనే పడి పోవాలని మనసారా కోరుకున్నాను. ఇప్పటికీ దాని గురించి నాకు బాధ లేదు.

ఆ ఆదివారం మా ఫ్లోర్‌లో పని ఉన్నది నాకొక్కదానికే. టెలిఫోన్ బోర్డు దగ్గర స్వరూపక్క ఉంది. మెదక్ ఆవిడ. విదేశాలకి ఫోన్ కలపాలంటే ఆవిడే కలపాలి. ఆవిడ బోర్డు మీద ఒక్కో సీటుకి ఒక్కో చిన్న బల్బు ఉండేది. ఎవరు రిసీవర్ ఎత్తితే వాళ్ళ బల్బు వెలిగేది.

మధ్యాహ్నం నేను తిని వచ్చి పనిలో కూర్చున్నాను. కాసేపటికి స్వరూపక్క లోపలికి వచ్చింది. ఆవిడ బోర్డు వదిలి రావడం నేనెప్పుడూ చూడలేదు.

"కృప సీట్ల ఎవరన్న కూసున్నరా?" అంది.

ఎవరూ లేరన్నాను. ఆవిడ నా వెనక్కి చూస్తూ నిలబడిపోయింది.

"గా బల్బు ఎలిగింది. 'సార్ హోటల్‌కి కలుపుతారా అక్కా' అన్నది. ఎప్పటి లెక్కనే కలిపిన. మాట్లాడి పెట్టేసింది. పెట్టేసినంక యాదికొచ్చింది నాకు."

ఇద్దరం వెళ్ళి చూశాం. కృప టేబుల్ మీద అసలు ఫోనే లేదు. ఆమె పోయిన వారానికే అకౌంట్స్ వాళ్ళు పట్టుకుపోయారు. వైరు కొస మాత్రం టేబుల్ అంచు మీద వేలాడుతోంది. స్వరూపక్క "ఇగ నేనుండ" అని బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు టెలిఫోన్ మెకానిక్ వచ్చి, ఎలుక వైరు కొరికిందని, అందుకే బల్బు వెలిగి ఉంటుందని తేల్చాడు. సరే, బల్బు వెలిగించింది ఎలుకే అనుకుందాం. మరి అక్కా అని పిలిచింది కూడా ఎలుకేనా?

సోమవారం సాయంత్రం క్లయింటుతో మీటింగు. మా పెద్దసారు, మేము స్పీకర్ ఫోన్ చుట్టూ కూర్చున్నాం. మురళీధర్ రాలేదని, హోటల్లో కూడా లేడని అటువైపు వాళ్ళు చెప్పారు. గడియారాలు జరిపిన రాత్రి ఒక్క లారీ లెక్క కూడా తప్పలేదట, చాలా సంతోషంగా ఉన్నారు. అదెలా చేశారో ఎవరైనా వివరించగలరా అని అడిగారు. పెద్దసారు అందరి మొహాలూ చూశారు. నేను ఫోన్ దగ్గరికి జరిగి, ఇది రాసింది కృప అని, పేరు అక్షరం అక్షరం విడదీసి చెప్పాను. నాకు చేతనైనంత వివరించాను. అంతా విని ఆ పెద్దమనిషి, ఆ అమ్మాయిని ఒకసారి లైన్లోకి పిలవండి, అభినందించాలి అన్నాడు.

ఆమె లేదని చెప్పాల్సి వచ్చింది కూడా నాకే.

మురళీధర్ ఆస్పత్రిలో దొరికాడు. చివరి లాంచీ తప్పిపోయి, రోడ్డు లేని ఆ ఒడ్డున రాత్రంతా ఉండిపోయాడు. అక్కడున్నవి ఎండాకాలం పశువులు కాసేవాళ్ళ గుడిసెలు, అన్నిటికీ తాళాలే. మంచులో తడిసిన బూట్లు కాళ్ళకే గడ్డకట్టుకుపోయాయి. ఎడమ కాలి వేళ్ళు కొన్ని తీసేశారు.

కొన్ని వారాల తర్వాత చేతికర్రతో ఆఫీసుకి వచ్చాడు. తిన్నగా నా సీటు దగ్గరికి వచ్చి, "నాకెందుకు అబద్ధం చెప్పారు?" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఏడుపే ఉంది. నాకు అర్థం కాలేదు. ఏ అబద్ధం అని అడిగాను.

ఆ ఆదివారం పొద్దున బయల్దేరబోతుంటే గదికి ఫోన్ వచ్చిందట. హైదరాబాద్ నుంచి ఆడగొంతు, తెలుగులో. ఆ రోజు టీమ్‌లో ఆఫీసుకి వచ్చేది నేనొక్కదాన్నే కాబట్టి నేనే అనుకున్నాడు. రిసెప్షన్‌లో గడియారం బొమ్మ వేసి నోటీసు పెట్టారు, ఏమిటది అని అడిగాడట. అక్కడి కంపెనీలో అడిగితే పరువు పోతుంది, ఆ ప్రోగ్రాం తను రాయలేదని నాకైతే ఎలాగూ తెలుసు కదా అని.

"మీరేగా చెప్పారు. 'అది మీకు కాదండి. మీ వాచీ కరెక్టుగానే ఉంది, దాన్ని ముట్టుకోకండి. నిదానంగా చూసి రండి, చివరి లాంచీకి ఇంకా టైముందండి' అని."

చివరి ముక్క అంటుండగానే ఆయన నోరు ఆగిపోయింది. నేను ప్రొద్దుటూరు మనిషిని. అతనితో ఎప్పుడూ అంత మెత్తగా, మాటమాటకీ అండీ అని మాట్లాడింది లేదు. అలా మాట్లాడేది ఆఫీసు మొత్తంలో ఒక్కరే. అది ఆయనకీ అప్పుడే తట్టింది. మొహంలో రక్తం లేదు. నేను జాలిపడలేదు. చూస్తూ కూర్చున్నాను, కడుపు నిండా చూశాను.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడక అడిగాను. ఆ దేశంలో ప్రతి స్టేషన్లో గడియారం ఉంటుందని కృప చెప్పేది. మరి ఒక్కటీ చూడలేదా అని. చూశానన్నాడు. హోటల్ బయట చూశాడు, రెండు స్టేషన్లలోనూ చూశాడు, రేవులోనూ చూశాడు. అన్నీ తన వాచీ ఎంత చూపిస్తే అంతే చూపించాయట. సాయంత్రం ఇంకా బోలెడు టైముందనుకుని అవతలి రేవుకి వచ్చేసరికి లాంచీ చెరువు మధ్యలో ఉంది. కేకలు వేశాడు. తలెత్తి రేవు గడియారం చూస్తే తన టైమే. వాచీ చూసుకుని మళ్ళీ తలెత్తేసరికి ఆ గడియారం ఒక గంట ముందుకి వెళ్ళిపోయి ఉందట.

చలికి అతని మెదడు పనిచేసి ఉండదని నేనే ఒకప్పుడు వాదించాను. కానీ పొద్దున రైలెక్కేటప్పుడు అంత చలి లేదు. మా ఆఫీసులో స్వరూపక్కకి అసలే లేదు. అతనికి వచ్చిన ఫోను, ఆవిడ కలిపిన ఫోను ఒకే వేళవి, మనకి మధ్యాహ్నమైతే అక్కడ పొద్దున. ఇద్దరూ దాని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది లేదు. మురళీధర్ ఆ నెలలోనే రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. ఎక్కడున్నాడో తెలుసుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

చాలామంది నన్ను అడుగుతారు, భయం వేయలేదా అని. లేదు. అతనికి జరిగింది న్యాయమే, ఇంకా తక్కువే జరిగింది. ఆ గడియారాల సంగతి, ఆ ఫోను సంగతి ఎలా అర్థం చేసుకోవాలో మాత్రం ఇన్నేళ్ళయినా నాకు తెలియదు.

నాకు వచ్చింది భయం కాదు, ఏడుపు. ఆ మధ్యాహ్నం నేను కృప సీటుకి వీపు పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో మూరెడు జాగా కూడా లేదు. స్వరూపక్క విన్నది, ఏడు సముద్రాల అవతల ఆ దుర్మార్గుడు విన్నాడు. నాకు ఒక్క మాట వినపడలేదు. ఏడాదిన్నర ఒకే గదిలో ఉన్నాం, ఒకే కంచంలో తిన్నాం. అంత దూరం వచ్చినదానికి వాడితో మాట్లాడటానికి తీరిక దొరికింది గానీ, ఇటు తిరిగి ఒక్కసారి నా పేరు పిలవడానికి దొరకలేదా? వాడి మీద కోపం ఎప్పుడో చల్లారింది. కృప మీదే చల్లారలేదు.