చేతులు కట్టుకున్న వేసవి

ఆల్చిప్పల పెంపకంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. ఆ చెయ్యి తిరగడమే చేటని తెలిసేసరికి మోకాళ్లు అరిగిపోయాయి.

ఆటుకి సముద్రం వెనక్కి తగ్గితే బురదలో ఇనప బల్లలు బయటపడతాయి. వాటిమీద వల సంచులు, సంచుల్లో గోరంతేసి పిల్ల ఆల్చిప్పలు. సంచిని కుదిపి తిరగెయ్యకపోతే ఒకదానికొకటి అతుక్కుని వంకర్లు పోతాయి. కాపరానికొచ్చిన కొత్తలో అత్తగారు నేర్పిన విద్య ఇది. భర్త పోయాక తోడుగా వచ్చిన తమ్ముడికి ఆమె నేర్పింది.

కొన్నేళ్లుగా, నీళ్లు వేడెక్కగానే పిల్ల చిప్పలు నోళ్లు తెరిచి చచ్చిపోతున్నాయి. సంచి విప్పితే కుళ్లు కంపు. చచ్చినకొద్దీ ఆమె శ్రద్ధ పెంచింది. రోజూ కుదపడం, పోయినవాటిని ఏరడం, ఉన్నవాటిని మేత ఎక్కువ దొరికే లోతువైపు కింది బల్లలకి దించడం. జ్వరమొచ్చిన పసిగుడ్డుని చుట్టాలందరూ చేతులు మార్చుకుని ముద్దుచేసినట్టు. లోకంలో ఆకలితో పోయినవాళ్లకి లెక్కలున్నాయి గాని, ఆపేక్షతో పోయినవాళ్లని ఎవరు లెక్కపెట్టారు?

ఆల్చిప్పల జబ్బులు చూసే డాక్టరమ్మ ఈ ఏడు తిన్నగానే చెప్పింది.

"నీళ్లలో వైరస్ ఉంది పిన్నిగారూ, దాన్ని ఆపలేం. వేడికి చిప్పలు నీరసించినప్పుడు కదిపితే అదే గెలుస్తుంది. ఎండలు ముదరకముందే ఒడ్డువైపు పై బల్లలకి ఎక్కించెయ్యండి. మేత తగ్గి నెమ్మదిగా పెరుగుతాయి గాని తట్టుకుంటాయి. చల్లబడేదాకా ముట్టుకోకండి."

"అతుక్కుపోతాయి కదమ్మా?"

"కొన్ని వంకరపోతాయి. పోవడంకన్నా నయమే."

ఈసారీ పోతే బల్లలు ఊడదీసేద్దామన్నాడు తమ్ముడు. ఆమె సరేనంది. ఆ బల్లలు లేకపోతే తెల్లారి లేచి ఎక్కడికెళ్లాలో మాత్రం తోచలేదు.

సంచులు పై బల్లలకి ఎక్కించాక, వేసవంతా ఆటు ఆటుకీ వెళ్లి, చేతులు చంకల్లో దోపుకుని నిలబడేది. ఒకనాడు సంచిమీద నాచు కనబడి చెయ్యి జాపింది.

"అక్కా, చెయ్యి," పడవలోంచి తమ్ముడు.

"నాచేరా."

"ముందు నాచంటావు, తర్వాత ఒక్కసారి కుదుపుతానంటావు. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు."

"రెండోది నీకు దేవుడే ఇచ్చాడు. మొదటిది నావల్ల కావడం లేదు."

ఇంటికెళ్లి చాపమీద ఒరిగేది. బరువెత్తిన రోజుల్లో నిద్రపట్టేది. ఇప్పుడు ఒళ్లంతా నొప్పులే, నిద్ర లేదు.

నీళ్లు చల్లబడ్డాక ఇద్దరూ సంచులు విప్పారు. కంపు వచ్చింది. ఖాళీ చిప్పల కింద వేళ్లు పెట్టి చూస్తే, గట్టిగా నోరు మూసుకున్న వంకరటింకర గుత్తులు. తర్వాతి సంచీ అంతే. ఆ పక్కదీ అంతే.

"సగానికి పైనే ఉన్నాయక్కా."

"మిగతావి పోయాయి కదరా."

"పోయినేడు సంచి అడుగున పిడికెడే మిగిలాయి." ఖాళీ చిప్పల్ని బురదలోకి దులిపి అడిగాడు. "మరి బల్లలు?"

ఆమె గుత్తిలోంచి రెండు పిల్లల్ని విడదీసింది.

"ఉండనీ. వచ్చే వేసవి మాత్రం నువ్వొక్కడివే వచ్చి చూసుకో. నేను ఇల్లు కదలను. కంటబడితే ఊరుకోలేను."