ఆలస్యంగా నవ్వే బాబాయి

కాలేజీ నన్ను వదిలించుకుందని కొందరంటారు. నిజానికి నేనే దాన్ని వదిలేశాను. పాపం, అదింకా తేరుకోలేదు. మా ఇంట్లో చదువు వంటబట్టింది పిన్నికే. నీళ్ల బిల్లుల ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తుంది.

బాబాయి ఏళ్ల తరబడి లేత్ మెషీన్ మీద పనిచేశాడు. ఆ రొద ఆయన చెవుల్ని తినేసింది. భోజనాల దగ్గర మా పెదాలకేసి చూసి చూసి, కంచం పట్టుకుని పక్కగదిలోకి వెళ్లిపోయేవాడు. పిన్నికి అది ముల్లులా గుచ్చుకునేది.

అందుకే ఒక ప్రోగ్రామ్ రాసింది. బల్ల మీద మైకు, పక్కన పాత కంప్యూటర్. మేం మాట్లాడింది తెర మీద అక్షరాలై వస్తుంది.

మొదటిరోజు నేను తుమ్మితే రైలు వెనక్కి వెళ్లిన కథ చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు. నవ్వులు ఆగి, అమ్మ మంచినీళ్లు తాగి, మాట వాన మీదికి మళ్లాక, బాబాయి ఒక్కడే పకపకా నవ్వాడు. అందరూ ఆయనకేసి తిరిగారు. ఆయన కంచం తీసుకుని లేచాడు.

"అక్షరాలు ఇంత ఆలస్యంగా వస్తున్నాయేంటి, మైకు పాడైందా పిన్నీ?"

"మైకు బానే ఉంది. నేను రాసిన భాషే నిదానం. ప్రోగ్రామ్‌కీ మెషీన్‌కీ మధ్య ఒక దుబాసీ కూర్చుంటాడనుకో. ఒక్కో లైనూ చదివి మెషీన్‌కి విడమరిచి చెప్తాడు. అదే లైను మళ్లీ వస్తే మళ్లీ చెప్తాడు."

"పీకెయ్ వాణ్ని!"

"పీకాలంటే అంతా ఇంకో భాషలో రాయాలి. అందులో మొత్తం ముందే మెషీన్ భాషలోకి మార్చేస్తారు. నడిచేటప్పుడు మధ్యలో ఎవడూ ఉండడు."

"మరి మొదటే అలా రాసుండొచ్చుగా?"

"ఇదైతే ఇట్టే రాసేశాను, కోతలరాయుడా. దానికి నెలలు పడతాయి. నీలా నోటికొచ్చింది వాగితే ఆ భాష ఊరుకోదు."

నెలలే పట్టాయి. ఈలోగా బాబాయి పక్కగదికే అలవాటుపడ్డాడు. పిలిచినా వద్దన్నట్టు చెయ్యూపేవాడు. "నేను రాసేలోపు ఈయనకి మన మాటలతోనే పని లేకుండా పోతుందేమోరా," అంది పిన్ని ఒకసారి.

పూర్తయ్యాక రెంటికీ పందెం పెట్టింది. అదే కంప్యూటర్, రికార్డు చేసిన నా రైలు కథే. కొత్తది నా గొంతుతోపాటే ఆగింది. పాతది ఆ తర్వాత కూడా రైలుని వెనక్కి తోస్తూనే ఉంది.

ఆ పూట బాబాయిని చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టింది. నేను గొంతు సవరించుకున్నాను.

"నిన్న నేను పట్టిన చేప ఎంతుందంటే, తల ఒడ్డెక్కినా తోక ఇంకా..."

"ఆపరా," అన్నాడు బాబాయి. "నిన్నంతా నువ్వు సోఫాలో పడి నిద్రపోయావు. నీ గురక నాక్కూడా వినిపించింది!"

ఇల్లు దద్దరిల్లింది. నా కథని మధ్యలో తుంచిన మొనగాడు అంతవరకూ పుట్టలేదు. పిన్ని నవ్వలేదు, కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయింది.

"సరే, బరువెంతో చెప్పు," అంటూ బాబాయి తన కుర్చీని దగ్గరికి జరుపుకున్నాడు.

నేను ఆలోచనలో పడ్డాను. తెర ఖాళీగా ఉంది. ఆయన దానికేసే చూస్తున్నాడు.